పాత స్పాట్ వెల్డింగ్ మిషన్ ట్రాన్స్‌ఫార్మర్: విప్పే ముందు, విప్పాక

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బీరువాలు, కూలర్ బాడీలు, ట్రంకు పెట్టెలు చేసే చిన్న షెడ్లలో నేను చూసిన స్పాట్ వెల్డింగ్ మిషన్లు చాలావరకు కొత్తగా కొన్నవి కావు. బాలానగర్, జీడిమెట్ల వైపు ఏదో ఒక ఫ్యాక్టరీ తీసేసిన పాత మిషన్‌ను ఎవరో కొని, కొంతకాలం వాడి, మరొకరికి అమ్మగా మన చేతికి వచ్చినవే ఎక్కువ. నేమ్ ప్లేటు మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, సర్క్యూట్ కాగితం ఉండదు, లోపల ఎవరు ఏ వైరు మార్చారో చెప్పేవారు ఉండరు. అలాంటి మిషన్ ఒకరోజు రేకును పట్టడం మానేస్తే, పక్కన నిలబడిన వారందరూ ముందుగా అనే మాట "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది" అని. ఆ మాటను నమ్మి నేను ఒకసారి నిక్షేపంలాంటి ట్రాన్స్‌ఫార్మర్‌ను మూడు రోజులు కూర్చుని విప్పాను. అసలు లోపం బయట, రేకును నొక్కే పై ఆర్మ్‌కు వెళ్లే రాగి పట్టీ బోల్టు దగ్గర ఉంది. అందుకే ఇక్కడ విప్పే పద్ధతికన్నా ముందు విప్పనవసరం లేదని తేల్చుకునే పద్ధతిని రాస్తున్నాను. విప్పక తప్పనప్పుడు కూడా, అది ఎందుకు కాలిందో తెలియకుండా కొత్త రాగి చుట్టకండి. చుట్టిన రాగి మళ్లీ అదే కారణంతో కాలుతుంది.

లోపల జరిగేది ఏమిటి

కాలితో తొక్కే సాధారణ మిషన్‌లో ప్రైమరీ చుట్టకు, అంటే లైను కరెంటు తీసుకునే కాయిల్‌కు, రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు అందుతాయి. రేకులకు కరెంటు ఇచ్చే సెకండరీకి మందమైన రాగి పలకతోనో పోత రాగితోనో చేసిన ఒకే ఒక్క చుట్టు ఉంటుంది. దాని నుంచి వచ్చేది మూడు నాలుగు వోల్టులకు మించదు, కానీ కరెంటు వేల ఆంపియర్లలో ఉంటుంది. ఒక మిల్లీమీటరు మందం ఉన్న రెండు రేకులను గట్టిగా అతికించాలంటే సుమారు 8 నుంచి 10 వేల ఆంపియర్లు, సెకనులో ఐదో వంతు సమయం కావాలి. కాలితో తొక్కే చిన్న మిషన్లు అంతకన్నా తక్కువ కరెంటును కొంచెం ఎక్కువసేపు పంపి పని కానిస్తాయి. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వేడి రేకుల మధ్య పుడితే వెల్డు అవుతుంది, బోల్టు కింద పుడితే బోల్టు మాడుతుంది. ఒక జాయింటులో కేవలం 20 మైక్రో ఓములు ఎక్కువైనా, 7,000 ఆంపియర్ల దగ్గర అక్కడ దాదాపు ఒక కిలోవాటు వేడి పుడుతుంది. మల్టీమీటరుకు ఆ 20 మైక్రో ఓములు కనిపించవు. ఈ మిషన్ల రోగాలు అంత తేలికగా చిక్కకపోవడానికి కారణం ఇదే.

హీట్ సెలెక్టర్ స్విచ్ చేసేది ప్రైమరీ చుట్ల సంఖ్యను మార్చడం మాత్రమే. ప్రైమరీలో చుట్లు తగ్గితే సెకండరీ వోల్టేజీ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. అందువల్ల అతి ఎక్కువ వేడి ఇచ్చే పాయింటులో అతి తక్కువ చుట్లు ఉంటాయి. తరువాత లెక్క వేసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

చేయి పెట్టేముందు

మిషన్ స్విచ్ ఆపడం చాలదు. మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజు క్యారియర్లు ఊడదీసి మీ జేబులో వేసుకోండి. షెడ్డులో ఇంకొకరు తెలియక స్విచ్ వేసే ప్రమాదం అలా తప్పుతుంది. ఆపైన రెండు ఫేజుల మధ్య, ఒక్కొక్క ఫేజుకు ఎర్తింగుకు మధ్య మీటరు పెట్టి కరెంటు లేదని చూడండి. పెడల్ తొక్కితే కరెంటు కలిపే కాంటాక్టరు ఒక్క ఫేజును మాత్రమే తెంచే పాత మిషన్లు ఉంటాయి. వాటిలో మిషన్ ఆగి ఉన్నా ప్రైమరీ చుట్ట మొత్తం కరెంటుతోనే ఉంటుంది. సెకండరీలో ఉన్నది మూడు వోల్టులే కాబట్టి షాక్ కొట్టదు, కానీ ఉంగరం, ఇనుప కడియం, గడియారపు గొలుసు ఆ రెండు ఆర్మ్‌ల మధ్య అడ్డుపడితే క్షణంలో ఎర్రగా కాలి చేతిని పట్టుకుంటాయి. అవన్నీ తీసి పక్కన పెట్టండి.

చాలా పాత మిషన్లలో ఇన్సులేషన్‌గా బూడిద తెలుపు రంగులో ఉండే ఆస్బెస్టాస్ టేపు, అట్ట వాడి ఉండవచ్చు. అలాంటిది కనిపిస్తే పొడిగా గీకవద్దు, గాలి పంపుతో ఊదవద్దు. నీటితో తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని, ఊడిన ముక్కలను తడిగానే సంచిలో మూటగట్టండి.

నిజంగా ట్రాన్స్‌ఫార్మరేనా?

మొదట కరెంటు సంగతి చూడండి. మిషన్ పనిచేసేటప్పుడు, అంటే పెడల్ తొక్కి వెల్డు పడుతున్న ఆ క్షణంలో, మిషన్ టెర్మినళ్ల దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో కొలవండి. చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ నడిచే నాట్ల కాలంలో లైను చివర ఉన్న షెడ్లలో 415 వోల్టులు 360కి పడిపోవడం వింత కాదు. వోల్టేజీ అలా పడితే వేడి దాని వర్గం లెక్కన తగ్గుతుంది కనుక, నాలుగింట ఒక వంతు వేడి అక్కడే పోతుంది. పొద్దున పట్టిన రేకు మధ్యాహ్నం పట్టకపోవడానికి ఇదొక్కటే కారణం కావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టి ప్రయోజనం లేదు.

తరువాత సెలెక్టర్ స్విచ్ విప్పి చూడండి. పని మధ్యలో, పెడల్ మీద కాలు ఉండగానే దాన్ని తిప్పే అలవాటు ఎవరికైనా ఉంటే దాని కాంటాక్టులు నల్లగా, గుంటలు పడి ఉంటాయి. ఒక్కో పాయింటులో మిషన్ పూర్తిగా చచ్చిపోయి, పక్క పాయింటులో బాగా పనిచేస్తే దోషం దాదాపుగా ఈ స్విచ్‌దో, దానికి చుట్ట మధ్య నుంచి వచ్చే ట్యాపు వైరుదో అవుతుంది.

పాత కాంటాక్టరు స్థానంలో ఎవరైనా థైరిస్టర్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు), టైమరు అమర్చి ఉంటే ఇంకొక సంగతి చూడాలి. ఎదురెదురుగా కలిపిన రెండు థైరిస్టర్లలో ఒకటి తెరుచుకోకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌కు అర తరంగమే అందుతుంది. కోర్, అంటే చుట్టల మధ్య ఉండే ఇనుప దిమ్మ, ఒకవైపే అయస్కాంతీకరణ చెంది ఇక పట్టనంతగా నిండిపోతుంది, ప్రైమరీ కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, మిషన్ గేదె అరిచినట్టు మోగుతుంది, ఫ్యూజులు వరుసగా పోతాయి. చూసినవారికి ఇది అచ్చం చుట్ట కాలినట్టే కనిపిస్తుంది. చుట్టలో మాత్రం ఏ లోపమూ ఉండదు.

ఇవన్నీ దాటాక రాగి జాయింట్లకు రండి. మిషన్ పనిచేసే స్థితిలో ఉంటే వరుసగా ఇరవై స్పాట్లు వేసి, మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, సెకండరీ ప్యాడ్ నుంచి రేకుకు తగిలే టిప్పు దాకా ఒక్కొక్క జాయింటును వేలితో తాకి చూడండి. మిగతా వాటికన్నా వేడిగా ఉన్న జాయింటే దొంగ. దాన్ని విప్పి, రెండు ముఖాలనూ సన్నని ఎమరీ పేపరుతో రాగి మెరిసేదాకా రుద్ది, చదునుగా ఉన్నాయో లేదో చూసి, కొత్త స్ప్రింగు వాషర్లతో బిగించండి. పై ఆర్మ్‌కు వెళ్లే ఫ్లెక్సిబుల్ పట్టీ పలుచని రాగి రేకుల దొంతర. అందులో మడత దగ్గర సగం రేకులు తెగి ఉన్నా బయటి రేకు బాగానే కనిపిస్తుంది కాబట్టి దొంతరను విప్పి లెక్కపెట్టాలి.

ఇంకా అనుమానం తీరకపోతే సిరీస్ బల్బు పరీక్ష చేయండి. ప్రైమరీ రెండు వైర్లను మిషన్ నుంచి విడదీసి, సెలెక్టర్‌ను అతి తక్కువ వేడి పాయింటులో పెట్టి, 200 వాట్ల పాతరకం బల్బును సిరీస్‌లో కలిపి 230 వోల్టుల సింగిల్ ఫేజు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. టిప్పులు విడిగా ఉన్నప్పుడు బల్బు మసకగా, ఎర్రని తీగలా వెలగాలి, లేదా అసలు వెలగకూడదు. టిప్పులను కలిపితే నిండుగా వెలగాలి. విడిగా ఉన్నా, కలిపినా బల్బు ఒకేలా నిండుగా వెలుగుతుంటే ఎక్కడో ఒక మూసిన చుట్టు, అంటే రెండు చివరలూ కలిసిపోయి షార్ట్ అయిన చుట్టు, ఉన్నట్టు. అది ప్రైమరీలో చుట్లు ఒకదానికొకటి అంటుకోవడం వల్ల కావచ్చు, లేదా బయట పై ఆర్మ్ బాడీకి తగలడం వల్ల కావచ్చు. పై ఆర్మ్‌ను బాడీ నుంచి వేరుచేసే ఫైబర్ బుష్‌లు, హైలమ్ (కరెంటు పారని గట్టి షీటు) ముక్కలు నిప్పురవ్వలకు మాడి, ఇనుప రజను పేరుకుని, కరెంటుకు దారి ఇస్తాయి. అందుకని ఫ్లెక్సిబుల్ పట్టీని సెకండరీ ప్యాడ్ దగ్గరే విప్పి బల్బును మళ్లీ చూడండి. ఇప్పుడు మసకబారితే లోపం ఆర్మ్‌లో ఉంది, వంద రూపాయల బుష్‌తో పోతుంది. అప్పటికీ నిండుగానే వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ విప్పక తప్పదు.

ప్రైమరీ నుంచి బాడీకి ఇన్సులేషన్ చూడటానికి 500 వోల్టుల మెగ్గర్ కావాలి. థైరిస్టర్లు, టైమరు ఉంటే వాటి వైర్లు పూర్తిగా విడదీశాకే మెగ్గర్ తిప్పండి, లేకపోతే అవి చస్తాయి. ఒక మెగా ఓముకన్నా తక్కువ వస్తే కరెంటు ఇవ్వకూడదు. అయితే వానాకాలంలో నెలలపాటు ఆగి ఉన్న మిషన్ తేమ వల్ల కూడా తక్కువ చూపిస్తుంది. అటువంటిదాన్ని రెండు మూడు బల్బుల వేడితో ఒక రోజంతా ఆరబెట్టి మళ్లీ కొలవండి. రీడింగు పెరుగుతూ పోతే అది తేమ, పెరగకుండా అక్కడే ఉంటే దెబ్బ.

విప్పడం

విప్పేముందు ప్రతి వైరుకూ గుర్తు కట్టండి, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. 10, 15 కేవీఏ మిషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకరు మోయగలిగిన బరువు ఉండదు. చైన్ పుల్లీతో దించండి. సెకండరీని చల్లబరిచే నీళ్ల గొట్టాలు తీసి, లోపలి నీరంతా వంచేయండి. ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం రెజిన్‌లో పోతపోసి గట్టి దిమ్మలా ఉంటే ఇక్కడితో ఆగండి. దాన్ని విప్పి చుట్టడం సాధ్యం కాదు, మార్చడమే దారి.

సాధారణంగా కోర్ E, I అక్షరాల ఆకారంలో కోసిన పలుచని ఇనుప రేకులతో, అంటే స్టాంపింగులతో ఉంటుంది, మధ్య స్తంభం చుట్టూ ప్రైమరీ పలుచని బిళ్లల్లాంటి కాయిళ్లుగా, వాటి మధ్య సెకండరీ రాగి పలకలుగా ఒకదాని తరువాత ఒకటి పేర్చి ఉంటాయి. బోల్టులు తీశాక మొదటి నాలుగైదు స్టాంపింగులు వార్నిష్‌తో అతుక్కుని గట్టిగా ఉంటాయి. సుత్తితో కొట్టకుండా, పలుచని కత్తి మొనతో విడదీసి ఒక్కొక్కటి లాగండి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వచ్చిన వరుసలోనే కట్ట కట్టండి. బోల్టుల చుట్టూ ఉండే ఇన్సులేషన్ గొట్టాలను, వాషర్లను పారేయకండి. అవి లేకుండా బోల్టు నేరుగా స్టాంపింగులకు తగిలితే కోర్‌లోనే మూసిన చుట్టు ఏర్పడి ఖాళీగా ఉన్నప్పుడు కూడా వేడెక్కుతుంది.

పాత కాయిల్ ఊడిరాకపోతే మంటలో పెట్టే అలవాటు మన వైండింగ్ షాపుల్లో ఉంది. మోటారు విషయంలోనే అది మంచిది కాదు, ఇక్కడ అసలే వద్దు. మంట తగిలితే స్టాంపింగుల మధ్య పూత పోతుంది, సెకండరీ రాగి మెత్తబడుతుంది. ఎలాగూ కాలిన కాయిలే కాబట్టి ఉలితో కోసి తీయండి. అందులో ఒక్క కాయిల్‌ను మాత్రం కోయకుండా, చుట్లు లెక్కపెట్టడానికి ఉంచుకోండి.

ఎందుకు కాలింది?

చుట్ట మీద మరకలు కథ చెబుతాయి, కాబట్టి కడగడానికి ముందే చూడండి. కాయిల్ అంతటా ఒకేలా నల్లబడి, వార్నిష్ గోధుమ పొడిలా రాలుతుంటే ఎక్కువ కాలం ఎక్కువ వేడిలో నడిచినట్టు: పని ఎక్కువ, లేదా నీళ్లు తక్కువ. ఒకే చోట రాగి కరిగి గుండులా మారి, చుట్టుపక్కల బాగుంటే అది రాపిడి దెబ్బ. ప్రతి వెల్డుకూ కాయిళ్ల మధ్య బలమైన నెట్టుడు ఉంటుంది. ప్యాకింగు వదులైతే కాయిల్ ప్రతి స్పాటుకూ ఒక వెంట్రుకవాసి కదులుతూ, వేల స్పాట్ల తరువాత ఇన్సులేషన్‌ను అరగదీస్తుంది. ట్యాపు వైరు బయటికి వచ్చే మలుపు దగ్గర కాలితే స్లీవు చితికి ఉంటుంది. కింది కాయిల్ ఒక్కటే, ఆకుపచ్చ చిలుముతో కాలి ఉంటే పైన నీళ్లు కారుతున్నట్టు.

మా జిల్లాలో ఈ నీళ్ల విషయం మీద కాస్త ఎక్కువ మాట్లాడాలి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించడానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. కానీ మిషన్‌కు శత్రువు ఫ్లోరైడు కాదు, బోరు నీటిలోని సున్నపు కఠినత్వం. సెకండరీ పలకకు బ్రేజింగ్ చేసిన సన్నని గొట్టంలో అది తెల్లటి పొరగా పేరుకుంటుంది. ఒకటి రెండు సంవత్సరాలు బోరు నీళ్లు నేరుగా పెట్టిన మిషన్‌లో నేను పెన్సిల్ పట్టేంత గొట్టం అగ్గిపుల్ల పట్టేంతగా కుంచించుకుపోవడం చూశాను. నీళ్లు బయట ధారగా వస్తున్నట్టే కనిపిస్తాయి, లోపల రాగి మాత్రం చల్లబడదు.

లీటరు గోరువెచ్చని నీటికి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ఆ గొట్టంలో నింపి, బుడగలు ఆగేదాకా ఉంచి, వంచి, మళ్లీ నింపండి. నాలుగైదు సార్లకు పొర కరిగిపోతుంది. బాత్రూం యాసిడ్ తొందరగా పనిచేస్తుంది కానీ బ్రేజింగ్ జాయింట్లను తినేస్తుంది, దాన్ని వాడకండి. శుభ్రంగా కడిగాక ఒక చివర మూసి, బాగా కడిగిన పురుగుమందు కొట్టే చేతి పంపుతో రెండు మూడు కేజీల ఒత్తిడి వరకు నీళ్లు ఎక్కించి, పావుగంట ఉంచి చూడండి. ఎక్కడైనా చెమర్చితే సిల్వర్ బ్రేజింగ్ చేయించండి. ఎంసీల్ పూసి ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి పంపడం కంటే దాన్ని అలాగే పారేయడం మేలు.

లెక్క

చుట్ల సంఖ్య పాత కాయిల్ నుంచి లెక్కపెట్టడమే అన్నిటికన్నా నమ్మకమైన దారి. కాలిన దాంట్లో లెక్క కుదరకపోయినా, ఇంతకుముందే ఎవరో తప్పు చుట్టారన్న అనుమానం ఉన్నా కోర్ కొలతల నుంచి సరిచూసుకోవచ్చు. చుట్టుకు ఎన్ని వోల్టులన్నది తెలియాలంటే 4.44ను, 50 సైకిళ్లను, కోర్‌లో అనుమతించే టెస్లాలను, కోర్ అడ్డుకోత వైశాల్యాన్ని చదరపు మీటర్లలో గుణించాలి. పాత స్టాంపింగులకు 1.4 టెస్లాలకు మించి తీసుకోకపోవడం నయం.

ఉదాహరణకు మధ్య స్తంభం 8 సెంటీమీటర్ల వెడల్పు, దొంతర 14 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. అది 112 చదరపు సెంటీమీటర్లు. స్టాంపింగుల మధ్య పూత, సందులు పోగా ఇనుము 106 మిగులుతుంది, అంటే 0.0106 చదరపు మీటరు. 4.44, 50, 1.4, 0.0106లను గుణిస్తే చుట్టుకు 3.29 వోల్టులు వస్తుంది. సెకండరీకి ఒకే చుట్టు కాబట్టి సెకండరీ వోల్టేజీ కూడా అదే. 415ను దానితో భాగిస్తే 126 చుట్లు. ఇది అతి ఎక్కువ వేడి పాయింటుకు ఉండవలసిన కనీస సంఖ్య, మిగతా పాయింట్లు దానికి పైన చుట్లు కలుపుకుంటూ వెళ్తాయి. ఇంతకన్నా తక్కువ చుడితే వేడి బాగా వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, కోర్ నిండిపోయి ఖాళీగానే వేడెక్కుతుంది.

చుట్ట మంచి స్థితిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంకొక కిటుకు ఉంది. విప్పకుండానే ప్రైమరీకి 230 వోల్టులు, 6 ఆంపియర్ల ఎంసీబీ ద్వారా ఇచ్చి, తెరిచి ఉన్న సెకండరీలో వోల్టులు కొలవండి. 1.83 వచ్చిందంటే 230ని దానితో భాగించగా వచ్చే 126 చుట్లే ఆ పాయింటులో ఉన్నట్టు. ఒక్కొక్క పాయింటుకూ ఇలా కొలిచి కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంచుకుంటే, తరువాత ఎప్పుడైనా కాలినప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది.

తీగ మందం కూడా పాతదానిదే తీసుకోండి. ఇన్సులేషన్ ఊడదీసి మైక్రోమీటరుతో కొలవాలి. సరిచూసుకోవాలంటే ఇలా: వెల్డు క్షణంలో సెకండరీలో 7,000 ఆంపియర్లు పారితే, 126 చుట్ల ప్రైమరీలో 56 ఆంపియర్లు పారతాయి. అయితే అది ఎప్పుడూ పారదు. పది సెకన్లలో ఒక సెకను మాత్రమే పారితే, వేడి లెక్కన దానికి సమానమైన నిరంతర కరెంటు 56ను 0.1 వర్గమూలంతో గుణించగా వచ్చే సుమారు 18 ఆంపియర్లు. చదరపు మిల్లీమీటరుకు మూడు ఆంపియర్ల లెక్కన 6 చదరపు మిల్లీమీటర్ల రాగి, అంటే 2 గుణించు 3 మిల్లీమీటర్ల పట్టీ సరిపోతుంది. మీ షెడ్డులో ఇద్దరు కుర్రవాళ్లు ఆపకుండా స్పాట్లు వేస్తుంటే ఈ లెక్క మారుతుందని గమనించండి.

తీగ, చుట్టడం

ఇక్కడే నేను అందరినీ గట్టిగా హెచ్చరిస్తాను. దేవరకొండ నుంచి జడ్చర్ల దాకా ఏ మండల కేంద్రంలోనైనా బోరు మోటార్లు చుట్టే చేయి తిరిగిన పనివారు దొరుకుతారు. వేసవిలో వారికి ఊపిరాడదు, అంత పని ఉంటుంది. చుట్టడంలో వారి నేర్పుకు వంక పెట్టలేం. కానీ వారి దగ్గర సిద్ధంగా ఉండే తీగ సబ్‌మెర్సిబుల్ తీగ, దాని మీద ఉండేది నీళ్లలో మునిగి చల్లగా నడిచే మోటారు కోసం చేసిన ప్లాస్టిక్ పొర. స్పాట్ వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ వేడికి అది కరిగిపోతుంది. మీరు అడగవలసింది ఫైబర్ గ్లాస్ చుట్టిన రాగి పట్టీ. అది ఊళ్లో దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి తెచ్చుకోండి. ధర తక్కువని అల్యూమినియం తీగకు ఒప్పుకోవద్దు. అదే పని చేయాలంటే దాని అడ్డుకోత వైశాల్యం రాగికి ఒకటిన్నర రెట్లు పైనే ఉండాలి, కోర్ కిటికీలో అంత చోటు ఉండదు.

పాత కాయిల్ లోపలి కొలతకు చెక్క అచ్చు చేయించి, పట్టీ మెలిక పడకుండా, చేతికి గుడ్డ చుట్టుకుని బిగువుగా లాగుతూ చుట్టండి. ట్యాపు తీసేచోట రాగిని సిల్వర్ బ్రేజింగ్ చేసి, గ్లాస్ స్లీవు తొడిగి, మలుపు కింద అదనంగా ఒక ముక్క ఇన్సులేషన్ కాగితం పెట్టండి. కాయిల్ పూర్తయ్యాక గ్లాస్ టేపును సగం మీద సగం ఎక్కేలా చుట్టూ చుట్టండి. కొన్ని మిషన్లలో రెండు కాయిళ్లను సమాంతరంగా కలుపుతారు. అలాంటి వాటిలో రెండింటికీ చుట్లు కచ్చితంగా సమానంగా ఉండాలి. ఒక్క చుట్టు తేడా వచ్చినా ఆ మూడు వోల్టుల తేడా రెండు కాయిళ్ల మధ్య నిరంతరం కరెంటును తిప్పుతూ, వెల్డు లేకుండానే వాటిని కాల్చేస్తుంది. కాయిల్ చుట్టిన దిశ కూడా పాతదానిలాగే ఉండాలి. తిరగబడితే ఒకటి చేసిన పనిని మరొకటి చెరుపుతుంది.

వార్నిష్ ముంచడానికి ముందు కాయిళ్లను 100 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరబెట్టండి. ఓవెన్ లేనివారు రేకు పెట్టెలో నాలుగు 200 వాట్ల బల్బులు పెట్టి, లోపల థర్మామీటరు వేలాడదీసి పని కానిస్తారు, అది చాలు. 60 డిగ్రీలకు చల్లబడ్డాక క్లాస్ ఎఫ్ వార్నిష్‌లో ముంచి, బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉంచి, తీసి, ధార ఆగేదాకా వేలాడదీసి, డబ్బా మీద రాసిన వేడికి, రాసినంతసేపు కాల్చండి. వార్నిష్ మండే సరుకు కనుక బల్బుల పెట్టెలో పెట్టేముందు ధార పూర్తిగా ఆగాలి, పెట్టెకు పొగ పోయే రంధ్రాలు ఉండాలి. ఆరకముందే బిగించడం తొందరపాటు. లోపలి పచ్చి వార్నిష్ తరువాత మెత్తబడి కాయిల్ వదులవుతుంది.

తిరిగి పేర్చడం

కాయిళ్లు, సెకండరీ పలకలు వచ్చిన వరుసలోనే, మధ్య మధ్య ఇన్సులేషన్ షీటు పెట్టి పేర్చండి. సెకండరీ రాగి అంచులను ముందుగా ఆకురాయితో గుండ్రం చేయండి, పదునైన అంచు ఎంత మంచి టేపునైనా కోస్తుంది. తుప్పు పట్టిన స్టాంపింగులను మెత్తని బ్రష్షుతో దులిపి పలుచగా వార్నిష్ కొట్టండి. చివరికి ఆరేడు స్టాంపింగులు పట్టకుండా మిగిలిపోవడం మామూలు. "పర్వాలేదు" అని వదిలేయకండి, చెక్క సుత్తితో అంచులు సరిచేసి లెక్క ప్రకారం అన్నీ ఎక్కించండి. ఆ తరువాత కాయిళ్లకూ కోర్‌కూ మధ్య సందుల్లో హైలమ్ చీలికలను గట్టిగా దించండి. ముందు చెప్పిన రాపిడి దెబ్బకు మందు ఈ చీలికలే. చేత్తో ఊపితే ఏ కాయిలూ కదలకూడదు.

పరీక్షించడం

మొదట మెగ్గర్. కొత్తగా చుట్టి ఆరిన చుట్ట చల్లగా ఉన్నప్పుడు 100 మెగా ఓములకు పైనే చూపాలి. తరువాత పాత సిరీస్ బల్బు పరీక్షే మళ్లీ చేయండి. అది బాగుంటే, ఫ్లెక్సిబుల్ పట్టీ కలపకుండానే, చిన్న ఫ్యూజుతో 415 వోల్టులు ఇచ్చి టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే మీటరు) ఖాళీ కరెంటు చూడండి. ఇంత పరిమాణపు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒకటి రెండు ఆంపియర్లు సహజం. అయిదారు వస్తే చుట్లు తక్కువైనా అయ్యుండాలి, స్టాంపింగుల జాయింట్లు వదులైనా అయ్యుండాలి. ప్రతి పాయింటులో సెకండరీ వోల్టేజీ కొలిచి రాసుకుని, అరగంట అలాగే ఉంచి, మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, కోర్‌ను తాకండి. గోరువెచ్చగా ఉంటే సరి.

ఆ తరువాతే మిషన్‌లో బిగించండి. బాడీ ఎర్తింగు గట్టిగా ఉందో లేదో ఇప్పుడే చూడండి. నీళ్లను బోరు నుంచి నేరుగా పెట్టకుండా, 200 లీటర్ల డ్రమ్ములో వాననీరో ఆర్‌ఓ నీరో నింపి చిన్న మోటారుతో తిప్పుకుంటే మళ్లీ ఆ సున్నపు పొర బాధ ఉండదు. నిమిషానికి నాలుగు లీటర్లు తిరిగితే ఈ స్థాయి మిషన్‌కు చాలు. మే నెలలో మన ఎండకు డ్రమ్ము నీడలో లేకపోతే నీళ్లే వేడెక్కుతాయి.

వెల్డు పరీక్షకు ఒక మిల్లీమీటరు రేకు ముక్కలు రెండు తీసుకుని, తక్కువ వేడి పాయింటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క స్పాటు వేసి, వైస్‌లో పట్టి చీల్చండి. అతుకు దగ్గర రెండు రేకులూ శుభ్రంగా విడిపోతే వేడి చాలలేదు. ఒక రేకు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల గుండీ ఊడి, రెండో రేకుకు అతుక్కుని, మొదటి రేకులో రంధ్రం మిగిల్చిందంటే సరైన వెల్డు. నిప్పురవ్వలు బాగా చిమ్ముతుంటే వేడి ఎక్కువైనా కావచ్చు, టిప్పుల ఒత్తిడి తక్కువైనా కావచ్చు. ముందు స్ప్రింగు బిగించి చూసి, తరువాతే పాయింటు తగ్గించండి.

మొదటి వారం పని అయ్యాక కోర్ బోల్టులను, సెకండరీ జాయింట్లను మరోసారి బిగించండి. వేడికి వార్నిష్, ప్యాకింగు కొంత కుదించుకుంటాయి కాబట్టి, స్పానరు కనీసం పావు తిరుగుడైనా తిరుగుతుంది.